రాజుగారి అంగీలో పదకొండు బద్దలు

లోకంలో రాజులందరినీ సింహాసనం మీద కూర్చోబెట్టింది వాళ్ల తాతలూ తండ్రులూ అయితే కావచ్చు. టీవీలో రాజును కూర్చోబెట్టింది మాత్రం మా అమ్మమ్మే. ఆమె కత్తెర పట్టేదాకా టీవీ రాజుల్లో ఒక్కడికైనా మోకాళ్లు ఉన్నట్టు దాఖలా లేదు. కాదనేవాళ్లుంటే వచ్చి ఆమె ఎదుటే ఆ మాట అనొచ్చు. ఎనభై రెండేళ్లు వచ్చినా ఆమె చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది, అదొక్కటి గుర్తుపెట్టుకుని రావాలి.

టీవీ స్టూడియోలో దుస్తుల గది ఆమెది. పొడుగాటి వరండా చివర, సామాన్ల గదిని ఆనుకుని ఉండేది. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తలుపులు ఊడిపోయిన ఆరు బీరువాలు. దొంగ చొక్కా, పోలీసు చొక్కా, పెళ్లికొడుకు కోటు పక్కపక్కనే ఒకే తీగ మీద వేలాడేవి. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆమెను సూదక్క అనే పిలిచేవారు. ఆమెకు టేపుతో పెద్దగా పని ఉండేది కాదు. మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోపే కొలత చెప్పేసేది.

"నీ ఎడమ భుజం అరంగుళం దిగిందేం? నిన్న ఎవరితో గొడవపడ్డావు?"

"మా ఆవిడతో, సూదక్కా."

"అయితే ఇవాళ కుట్టను. రేపటికి రెండోది కూడా దిగుతుంది. రెండూ కలిపి ఒకేసారి కొలుస్తాను."

అలా ఊళ్లోవాళ్ల ఒళ్లన్నీ కంటికొలతతో చెప్పగలిగిన మనిషి, సొంత తమ్ముడి వీపు వైపు మాత్రం తిన్నగా చూసేది కాదు.

తల్లి పోయేనాటికి ఆమెకు పన్నెండేళ్లు, తమ్ముడికి, అంటే మా చిన్నతాతకి, మూడు. తండ్రి రైలు పెట్టెలకు రంగులేసే పనిలో ఉండేవాడు. ఇంటికి వచ్చేసరికి చేతులు ఏ రంగులో ఉంటే మాట కూడా ఆ రంగులో ఉండేదని చిన్నతాత అనేవాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. వాడి వీపు పుట్టుకతోనే కాస్త వంగి ఉండేది. ఎదిగేకొద్దీ ఇంకాస్త వంగింది. వీధి పిల్లలు "కొక్కెం" అని పేరు పెట్టారు. వాడు నవ్వుతూ పలికేవాడు, ఆమె పళ్లు కొరికేది.

"ఆ పేరుతో పిలిస్తే పలకొద్దని చెప్పానా లేదా?"

"పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుస్తారక్కా. అప్పుడు పక్క వీధికి కూడా తెలుస్తుంది."

వాడు మాట్లాడినా నవ్వొచ్చేది గానీ, కూర్చుంటే ఇంకా నవ్వొచ్చేది. కుర్చీ దగ్గరకు వెళ్లి, దాన్ని ఎగాదిగా చూసి, 'తమరికి అభ్యంతరం లేకపోతే' అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి, ఆ వంగిన వీపును ముందు ఆనించి, తర్వాత మిగతా మనిషిని నెమ్మదిగా దాని మీదికి దించేవాడు. కూర్చున్నాక, ఏదో గొప్ప పని సాధించినట్టు అందరివైపూ చూసేవాడు. ఇరుగుపొరుగు పొట్టలు పట్టుకునేవారు. ఆమె మాత్రం ఆ సమయానికి వంటింట్లో ఏదో పని చూసుకునేది. వాళ్లు నవ్వేది తమ్ముడి చమత్కారానికా, వీపుకా అన్నది ఆమెకు ఎప్పుడూ తేలలేదు. అందుకని రెండింటికీ కలిపి సిగ్గుపడేది.

పెద్దయ్యాక అతన్ని స్టూడియోలో చేర్చింది కూడా ఆమే. వార్త తెచ్చే భటుడు, తలుపు తీసే నౌకరు, ఒకసారి శవం. పదేళ్లపాటు అతనికి అంతకుమించిన వేషం రాలేదు.

అప్పుడొచ్చింది రాజుగారి సీరియల్. మూడు వందల ఏళ్ల కిందటి ఒక బుల్లి రాజ్యం కథ. పొద్దున బయలుదేరిన మనిషి భోజనం వేళకు సరిహద్దు దాటేస్తాడు. ప్రజలకన్నా మంత్రులే ఎక్కువ. శత్రువులు ముట్టడించడానికి వచ్చి, లోపల దోచుకోవడానికి ఏమీ లేదని తెలిసి విసుగెత్తి వెళ్లిపోతుంటారు. వారం వారం నవ్వించాలి. డైరెక్టరు రాజు కోసం నెలరోజులు వెతికాడు. ఒక మధ్యాహ్నం క్యాంటీనులో పళ్లెం పట్టుకుని చిన్నతాత కుర్చీలో కూర్చోవడం చూశాడు. తింటున్నది వదిలేసి వచ్చి, "నువ్వే నా రాజువి" అన్నాడు. ఎందుకన్నది మాత్రం చెప్పలేదు. ఆయన పద్ధతి అది. నీలో నవ్వొచ్చేది ఫలానా అని చెబితే, మనిషి ఆ క్షణం నుంచి దాన్ని నటించడం మొదలుపెడతాడనీ, అక్కడితో అది చచ్చిపోతుందనీ ఆయన నమ్మకం. ఒక్క షరతు మాత్రం చెప్పాడు: మొదటి విడత పదమూడు వారాలు, జనానికి నచ్చితే రెండో విడతలోనూ నువ్వే.

అక్క ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె మోస్తున్న బరువు దిగే రోజు వచ్చింది. తమ్ముడు రాజు. ఊరు ఊరంతా చూస్తుంది. చూసినప్పుడు ఒక్కడి నోట కూడా కొక్కెం అన్న మాట రాకూడదు.

ఆ అంగీ కుట్టడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పైన ముదురు ఎరుపు మఖమలు, కింద గట్టి కాన్వాసు రెండు పొరలు, ఆ పొరల మధ్య, మెడ నుంచి నడుము దాకా, వరసగా పదకొండు బెత్తపు బద్దలు. ఒక్కొక్కటీ గాజుపెంకుతో నున్నగా గీకి, విడివిడి గొట్టాల్లో దూర్చి, పైనా కిందా కుట్టేసింది. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. వేసుకున్నవాడికి తప్ప లోపలి సంగతి తెలిసే దారి లేదు.

బొత్తాలన్నీ పెట్టి అద్దం ముందు నిలబెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను నిటారుగా ఉన్నాడు. అతను తన కంటే అంత పొడుగని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఎలా ఉందిరా?"

"రాజులా ఉన్నానక్కా."

"ఊపిరాడుతోందా?"

"రాజుకి ఊపిరెందుకు? అందుకేగా మంత్రుల్ని పెట్టుకునేది."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతను అద్దంలో తన్ను తాను కాక, ఆమెనే చూశాడు.

చిత్రీకరణ మొదలైంది. మొదటి రోజే డైరెక్టరు, "రాజుగారూ, వచ్చి కూర్చోండి" అన్నాడు. రాజుగారు వచ్చారు. సింహాసనం అంచున ఒక అంగుళం మేర ఆనుకుని, గోడకు చేరేసిన నిచ్చెనలా ఉండిపోయారు. మళ్లీ తీశారు. మళ్లీ అదే. డైరెక్టరు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమయ్యా, భయమా?"

"భయం కాదండీ. రాజు కదా, కాస్త హుందాగా ఉందామని."

"హుందాగా ఉంటే నవ్వెలా వస్తుంది?"

"మాటల్లో తెప్పిస్తానండీ."

మాటల్లో రాలేదు. మాటలు బాగానే ఉన్నాయి, అతని గొంతూ బాగానే ఉంది. కానీ ఆ గొంతుకూ ఆ ఒంటికీ పొత్తు కుదరలేదు. మూడో వారానికి రాజు కూర్చునే సన్నివేశాలన్నీ కొట్టేశారు. సింహాసనం గది అలంకరణకు మిగిలింది. పదమూడు వారాలు రాజు నిలబడే ఏలాడు.

సెట్ మీద ఎవరూ నవ్వకపోయేసరికి, నవ్వు విడిగా రికార్డు చేసి అతికించాలన్నారు. డ్రైవర్లనీ, క్యాంటీను వంటాయననీ, ఊడ్చేవాళ్లనీ, సూదక్కనీ ఒక గదిలో నిలబెట్టి, చెయ్యి ఎత్తినప్పుడల్లా నవ్వమన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే. ఇప్పటికీ ఆ పాత భాగాలు చూస్తే, ఆ గుంపు నవ్వులో ఒక్క ఆడగొంతు మిగతావాళ్లు ఆపేశాక కూడా ఇంకో రెండు క్షణాలు నవ్వుతూనే ఉంటుంది.

తప్పంతా రచయితదేనని ఆమె తీర్మానం. వరండాలో ఎదురైతే అతన్ని వదిలేది కాదు.

"ఏం నాయనా, ఈ వారమైనా ఏమన్నా రాశావా, లేక కాయితం మీద సంతకం పెట్టి ఇచ్చేశావా?"

పాపం, అతను తల వంచుకుని పోయేవాడు. చూసేవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. రాజు కొయ్యబొమ్మలా ఉన్నాడని, రాజుకన్నా సింహాసనమే బాగా నటించిందని రాశారు. ఆ ఉత్తరాలు ఆమె చదవలేకపోయింది, చదువు రాదు గనుక. చదివి వినిపించింది చిన్నతాతే. ఒక్కటీ దాచకుండా, పైగా గొంతు మార్చి మార్చి చదివి, ఆమెను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

పదమూడు వారాలు అయ్యాయి. డైరెక్టరు దుస్తుల గది గుమ్మంలో నిలబడి, రెండో విడతకు రాజు మారుతున్నాడని చెప్పాడు. ఆమె మిషను తొక్కుతూనే, "మార్చుకోండి. రాజ్యం మీది" అంది. ఆయన వెళ్లాక చూసుకుంటే, చేతిలో కుడుతున్న చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టి ఉన్నాయి.

చిన్నతాత ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర ఉద్యోగంలో చేరాడు. రోజంతా కూర్చునే పని. అద్దానికి ఉన్న చిన్న కంతలోంచి చేతులు మాత్రం బయటికి కనిపించేవి. స్టూడియో వైపు మళ్లీ రాలేదు.

కొత్త రాజు రంగస్థలం నుంచి వచ్చిన బొద్దుమనిషి. వినయం గలవాడే గానీ, ఆమెకు అతన్ని చూస్తే ఒళ్లు మండేది. ఆ మంటతోనే బట్టలు కుట్టింది. మఖమలు బదులు పల్చటి నూలు, లోపల ఒక్క పొర, పెద్ద పెద్ద టాకాలు. ఊడితే ఊడనీ, వాడి ఖర్మ అనుకుంది. మూడు రోజుల్లో అయిపోయింది.

కొత్త రాజు మొదటి రోజు వచ్చాడు, సింహాసనం మీద ధబీమని కూర్చున్నాడు, పట్టు దిండు మీద నుంచి జారాడు, కిరీటం ముక్కు మీదకొచ్చి ఆగింది. వదులు అంగీ అతనితోపాటు మడతపడి, పొంగి, మళ్లీ సర్దుకుంది. దీపాలు పట్టుకున్నవాళ్లు నవ్వారు. కెమెరా ఆయన భుజాలు ఊగిపోయి ఆ షాటు పనికిరాకుండా పోయింది. అది చూసి రచయిత అక్కడికక్కడే రెండు పేజీలు తిరగరాశాడు. ఆ తర్వాత రాజు ప్రతివారం కొత్తరకంగా కూర్చున్నాడు. మంత్రి మీద కూర్చున్నాడు, సంధిపత్రం మీద కూర్చున్నాడు, శత్రురాజు కూర్చోబోతున్న కుర్చీలో ముందే కూర్చున్నాడు. రెండో విడత అందుకుంది. ఐదో వారానికి ఆ సమయంలో వీధుల్లో మనుషులు పల్చబడ్డారు. నవ్వు రికార్డు చేసే గదికి తాళం వేశారు.

ఆరో వారం డైరెక్టరు దుస్తుల గదికి వచ్చి ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. పొంగిపోతున్నాడు.

"ఎంత హాయిగా కుట్టావు సూదక్కా ఈసారి. మనిషి ఎలా తిరిగితే బట్ట అలా తిరుగుతోంది. సగం నవ్వు నీదే."

"చాల్లెండి."

"నాకు ఒక్కటే అర్థం కాదు. మీ తమ్ముణ్ణి నేను క్యాంటీనులో కూర్చుంటుంటే చూసి తీసుకున్నాను. ఆ కూర్చోవడం ఒక్కటి కెమెరా ముందు చేస్తే చాలనుకున్నా. ఆ వీపు, ఆ వంపు, భగవంతుడే కుట్టాడు దాన్ని. మరి వేషం వేసుకోగానే ఎందుకలా కొయ్యైపోయాడో."

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. ఆయన వెళ్లేదాకా ఎక్కిస్తూనే ఉంది.

తర్వాత తలుపు గడియ పెట్టి, అట్టడుగు పెట్టెలోంచి ఎరుపు అంగీ తీసింది. బల్ల మీద బోర్లా పరిచి, నడుము దగ్గర కుట్లు ఒక్కొక్కటే కోసింది. పదకొండు బద్దలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా అతను తీయలేదు. కానీ బద్దల కింది కొనలు ఒంటికి ఆనే చోట లోపలి గుడ్డకు చిన్న కోత పెట్టి, రుమాళ్లు నాలుగు మడతలు వేసి కుక్కాడు. మూడు రుమాళ్లు. అంచులు ఆమె కుట్టినవే. మడతలు విప్పితే లోపల నల్లగా ఎండిన మరకలున్నాయి.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. భోజనాల వేళ కిటికీ మూసి, అతను వెనక మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చింది. అతనే ముందు అందుకున్నాడు.

"నిన్నటి భాగం చూశావా అక్కా? సంధిపత్రం మీద కూర్చున్నాడు చూడు, నేను ఇక్కడ టీ ఉమ్మేశాను. వార్డులో నర్సమ్మ తిట్టింది."

"బద్దలు తీసి చూశానురా."

అతను గ్లాసు పక్కన పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట, అక్కా ఇది గుచ్చుకుంటోంది అంటే, నిమిషంలో లాగేసేదాన్ని కదా."

"అది నాకూ తెలుసు."

"మరి?"

అతను మెట్టు మీద రాలిన సున్నపు పెచ్చుల్ని ఏరడం మొదలుపెట్టాడు.

"ఎందుకు పెట్టావో అడగాల్సొచ్చేదక్కా. నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సొచ్చేది. నా వీపంటే నీకు సిగ్గని నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. నాకు తెలుసని నీకు తెలియకూడదని ఇన్నాళ్లూ చూసుకున్నా. పదమూడు వారాల కోసం దాన్ని పాడుచేసుకోవడం ఎందుకని."

ఆమె ఏడవలేదు. అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వీపు మీద వేసింది. ఆ వంపు మీద. మూడేళ్ల పిల్లవాణ్ణి జోకొట్టినప్పటి తర్వాత అదే మొదటిసారి.

అక్కడి నుంచి నేరుగా డైరెక్టరు దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన తల పట్టుకుని, 'నువ్వు కూర్చోవడం చూసే తీసుకున్నాను' అన్న ముక్క అతనికి ముందే చెప్పి ఉంటే పోయేదని తన్ను తానే తిట్టుకున్నాడు. రెండో విడత నడుస్తోంది గనుక ఇప్పుడేమీ చేయలేననీ, మూడో విడతలో మాత్రం రాజుగారి అన్న తిరిగొచ్చి సింహాసనం నాది అంటాడనీ, ఆ వేషం మనవాడిదేననీ మాట ఇచ్చాడు. రచయిత రెండు సన్నివేశాలు రాసి కూడా పెట్టాడు. ఒకే సింహాసనం మీద ఇద్దరు అన్నదమ్ములు కూర్చునే సన్నివేశం.

ఆమె తమ్ముణ్ణి ఇంటికి పిలిచి కొలతలు తీసుకుంది. కంటికొలత కాదు, టేపు పెట్టి. మెడ కింది నుంచి ఆ వంపు మీదుగా, ఎక్కడా సాగదీయకుండా, నడుము దాకా.

"ఎంత వచ్చింది?"

"ఇరవై మూడున్నర."

"అబ్బో. నిటారు రాజులకి అంత ఉండదు. గుడ్డ ఎక్కువ పడుతుంది, డైరెక్టరుగారికి చెప్పు."

నీలంరంగు అంగీ కుట్టింది. లోపల ఏమీ లేదు. అతను వేసుకుని, ఆమె ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీలలోనూ వరసగా కూర్చుని చూపించాడు. ఆ రోజు ఆమె వంటింట్లోకి వెళ్లలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి నీళ్లు తాగాల్సి వచ్చింది.

మూడో విడత రాలేదు. టీవీ పెద్దలు బాగున్నప్పుడే ఆపేయాలన్నారు. రెండో విడత అంత బాగా కుదరకపోయి ఉంటే, ఇంకో విడత ప్రయత్నించేవారేమో. పత్రికలవాళ్లు కూడా మంచి పని చేశారని మెచ్చుకున్నారు.

చిన్నతాత ఆ కిటికీ దగ్గరే ఇంకో ఏడేళ్లు చీటీలు రాశాడు. ఒక పొద్దున కిటికీ తెరవగానే గుండె ఆగింది. ఆసుపత్రిలోనే ఉన్నా లాభం లేకపోయింది. ఆమె వెళ్లేసరికి ఇద్దరు మనుషులు అతన్ని స్ట్రెచరు మీద తిన్నగా పడుకోబెట్టాలని భుజాలు పట్టి అదుముతున్నారు.

"అదమొద్దు" అంది ఆమె. "పక్కకి తిప్పండి. వాడు అలాగే ఉంటాడు."

అన్నమాటే గానీ, అప్పుడు కూడా చెయ్యి వేసి తిప్పింది ఆమే.

నీలం అంగీ ఆమె దగ్గరే ఉంది. ఇంకెవరికీ పట్టదు. మెడ దగ్గర సరిపోతే వీపు దగ్గర సంచిలా వేలాడుతుంది. నేనూ వేసుకుని చూసి తిట్లు తిన్నాను.

ఇదంతా రాసి, మొన్న కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాను. చివర నా సొంత తెలివితో ఇంకో ముక్క చేర్చాను: ఇందులో తప్పు మా అమ్మమ్మది కాదు, ఆమె ప్రేమది. అది రాసినప్పుడు నాకే ముచ్చటేసింది. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఆ చివరి ముక్క కొట్టేయ్. తప్పు నాదే. మాఫీ చేయడానికి నువ్వెవత్తివే?"